బడి జ్ఞాపకాన్ని ఎక్కడ దాచాలి?

ఏటా పరీక్షలు ముగిసే వేళకు ప్రైవేటు బడుల ఆఫీసు గదుల్లో ఒక ప్రశ్న వినిపిస్తుంది. "సార్, ఈసారైనా సాఫ్ట్‌వేర్ పెడదామా? పెడితే ఏది పెడదాం?" కరస్పాండెంట్ పక్క మండలంలో బడి నడుపుతున్న మిత్రుణ్ని అడుగుతాడు. హెడ్‌మాస్టరు వాట్సాప్ గ్రూపులో అడుగుతాడు. ఈలోగా ల్యాప్‌టాప్ సంచితో ఒక సేల్స్ ప్రతినిధి రానే వస్తాడు. అరగంటలో ఫీజు రసీదులు, రంగుల గ్రాఫులు, బస్సు ఎక్కడుందో చూపే మ్యాపు అన్నీ తెర మీద తిప్పి చూపిస్తాడు. వారం తిరిగేలోపు ఇంకో కంపెనీ వాళ్లూ వచ్చి దాదాపు అవే చూపిస్తారు. చూసినవన్నీ బాగానే ఉంటాయి. ఏది తమ బడికి పనికొస్తుందో తేల్చుకోవడమే కష్టం.

జవాబు కోసం కాసేపు ఆ తెర మీంచి చూపు మళ్లించి ఆఫీసు గుమ్మం వైపు చూడాలి. వనపర్తి జిల్లా పెద్దమందడి లాంటి మండల కేంద్రంలో ఒక ప్రైవేటు బడి ఉందనుకుందాం. గుమ్మంలో ఒక యువకుడు నిలబడ్డాడు. 2015-16లో ఇక్కడే ఏడో తరగతి పూర్తిచేశాడు. ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నాడు. మూడు నుంచి ఏడు దాకా ఇక్కడ చదివినట్టు బోనఫైడ్ ధ్రువపత్రం కావాలంటాడు.

ఆ కాగితం విలువ చాలా పెద్దది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో ఉద్యోగ నియామకాలకు స్థానికత తేల్చేది ఒకటి నుంచి ఏడు తరగతుల చదువు. ఆ ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికుడు. జిల్లా స్థాయి పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. అంటే ఆరేడేళ్ల వయసులో ఏ బడి హాజరు పట్టీలో పేరుందన్న వివరం పాతికేళ్ల వయసులో ఉద్యోగాన్ని నిర్ణయిస్తుంది.

ఆ కుర్రాడు చేరినప్పుడు ఈ బడిలో పేర్లు కాగితం రిజిస్టరులో ఉండేవి. తర్వాత ఎక్సెల్‌లోకి వచ్చాయి. అతను ఐదో తరగతిలో ఉండగా ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు, రెండేళ్లకు చందా ఆపేసి ఇంకోటి కొన్నారు. మరి అతని ఐదో తరగతి ఇప్పుడు ఎక్కడుంది?

సాఫ్ట్‌వేర్ ఒప్పందాలు ఎక్కువగా ఏడాదికోసారి మారేవి. బడి నుంచి పిల్లవాడికి కావలసిన వివరం పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై ఏళ్ల కిందటిది. ఈ రెండు కాలాల మధ్య ఉన్న దూరాన్ని ముందు లెక్కలోకి తీసుకుని, ఆ తర్వాత గ్రాఫులూ మ్యాపులూ చూడాలి.

ట్యాంకు ఒకటి, నల్లాలు అనేకం

పాత అడ్మిషన్ రిజిస్టరును ఒకసారి శ్రద్ధగా చూస్తే దాని వెనకున్న ఆలోచన అర్థమవుతుంది. ఒక పిల్లవాడికి ఒకే వరుస. ఆ వరుసకు ఒక అడ్మిషన్ నంబరు. పిల్లవాడు టీసీ (బదిలీ ధ్రువపత్రం) తీసుకుని వెళ్లిపోయినా ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వరు. రాతలో తప్పు పడితే తెల్లరంగు పూయరు. పాత రాత కనిపించేలా గీత కొట్టి, పక్కన సరైనది రాసి, హెడ్‌మాస్టరు సంతకం పెడతాడు. కంప్యూటర్లు రాకముందే రాత పనివాళ్లు కనిపెట్టుకున్న ఈ మూడు కట్టుబాట్లు నేటి డేటాబేస్‌లకు కూడా పునాదులే.

చిక్కు రిజిస్టర్లు పెరిగినప్పుడు మొదలవుతుంది. అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి ఫోన్ నంబరు ఉంటుంది. ఫీజు పుస్తకంలోనూ ఉంటుంది. క్లాస్ టీచరు డైరీలో, బస్సు డ్రైవరు దగ్గరున్న లిస్టులో, ఎస్సెమ్మెస్ పంపే మొబైల్‌లో కూడా ఉంటుంది. తండ్రి సిమ్ మార్చి, ఫీజు కట్టడానికి వచ్చినప్పుడు కొత్త నంబరు చెప్పిపోతాడు. ఫీజు పుస్తకంలో అది మారుతుంది. మిగతా నాలుగు చోట్లా పాత నంబరే ఉండిపోతుంది. ఒక మధ్యాహ్నం పాపకు జ్వరం వస్తే క్లాస్ టీచరు తన డైరీ తీసి, ఎవరూ ఎత్తని నంబరుకు పదిసార్లు ఫోన్ చేస్తుంది.

పెద్ద సంస్థల కంప్యూటర్లలోనూ ఇదే బాధ ఉండేది. 1970లో ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ అనే గణితవేత్త దీనికి తేలికైన విరుగుడు ప్రతిపాదించాడు. సమాచారాన్ని మామూలు పట్టికలుగా రాయాలి. ఒక్కో వివరం ఒక్కచోటే ఉండాలి. ప్రతి వరుసకూ దానిది మాత్రమే అయిన ఒక ఆనవాలు సంఖ్య ఉండాలి. ఒక పట్టికకు ఇంకో పట్టికలోని వివరం కావలసి వస్తే దాన్ని తిరిగి రాసుకోకుండా ఆ ఆనవాలు సంఖ్యను పట్టుకుని అక్కడికి వెళ్లి చదువుకోవాలి. ఈ సంబంధ పట్టికల పద్ధతినే రిలేషనల్ డేటాబేస్ అంటున్నారు. బ్యాంకు ఖాతాల లాంటివి ఎన్నో దీని మీదే నడుస్తున్నాయి.

ఊళ్లో నీళ్ల ట్యాంకును తలచుకుంటే ఇది కళ్లకు కడుతుంది. ట్యాంకు ఒకటే, నల్లాలు ఇంటికొకటి. ట్యాంకులో క్లోరిన్ కలిపితే ఏ నల్లా తిప్పినా శుద్ధమైన నీళ్లే వస్తాయి. ఇంటింటికీ వేరే బావి ఉంటే బావి బావికీ తిరిగి మందు వేయాలి, ఏదో ఒక బావి మరిచిపోతారు. బడిలో తండ్రి వివరాలకు ఒక వరుస ఉండి, అక్కాతమ్ముళ్లిద్దరి వరుసలూ దానికి ముడిపడి ఉంటే, సిమ్ మారినప్పుడు ఒక్కచోట దిద్దితే చాలు. ఫీజు విభాగం, హాజరు విభాగం, బస్సు విభాగం అన్నీ ఆ ట్యాంకు నీళ్లే తాగుతాయి.

సాఫ్ట్‌వేర్లలో కొన్ని, ఒక్కో విభాగం ఒక్కో కాలంలో తయారై, తర్వాత ఒకే మెనూ కింద చేరినవి. పైకి ఒకే తెర, కింద మూడు నాలుగు ట్యాంకులు. కనుక ప్రతినిధి ఎదుటే ఒక పిల్లవాడి తండ్రి నంబరును ఒకచోట మార్పించి, ఫీజు రసీదులో, హాజరు తెరలో, ఎస్సెమ్మెస్ జాబితాలో, చెల్లెలి వివరాల్లో అది మారిందో లేదో చూడాలి. రెండు నిమిషాల పని. ఈ పరీక్షకు తట్టుకోని సాఫ్ట్‌వేర్‌లో మిగతావి ఎంత అందంగా ఉన్నా రేపటి తప్పులు ఇవాళే మొలకెత్తుతుంటాయి.

లక్ష్మిని ఎన్ని విధాల రాయొచ్చు?

ఆనవాలుకు సంఖ్య ఎందుకు, పేరు చాలదా అన్న సందేహం సహజం. తెలుగులో లక్ష్మి ఒకటే. ఇంగ్లిషు అక్షరాల్లోకి వెళ్లేసరికి ఒకరు కె, ఎస్, హెచ్ కలిపి రాస్తారు, ఒకరు ఒక్క ఎక్స్‌తో సరిపెడతారు. ఆధార్‌లో ఒక రకం, టీసీలో ఇంకో రకం ఉంటే కంప్యూటరుకు వాళ్లు ఇద్దరు లక్ష్ములు.

ఈ సమస్య మీద కృషి వందేళ్లకు పైబడ్డది. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లో సౌండెక్స్ అనే పద్ధతికి పేటెంటు పొందాడు. పేరులో మొదటి అక్షరాన్ని ఉంచుకుని, తర్వాతి హల్లులను వినికిడి పోలికను బట్టి గుంపులుగా చేసి అంకెలిస్తారు. అచ్చులను వదిలేస్తారు. కె, ఎస్, ఎక్స్ ఒకే గుంపు, అంకె 2. ఎమ్‌కు 5. ఆ లెక్కన లక్ష్మిని కె, ఎస్, హెచ్‌లతో రాసినా, ఎక్స్‌తో రాసినా చివరికి వచ్చే గుర్తు ఒకటే: ఎల్ 250. పోలిక దొరికింది కనుక "ఈ పేరుతో ఇప్పటికే ఒకరున్నారు, వీళ్లేనా?" అని కంప్యూటరు అడగగలదు. అయితే మొదటి అక్షరమే మారితే సౌండెక్స్ చేతులెత్తేస్తుంది. ఇంట్లో ఎంకటేశ్ అని పిలిచే పిల్లవాణ్ని ఒకచోట 'ఇ'తో, ఇంకోచోట 'వి'తో రాస్తే వాళ్లిద్దరూ ఒకరేనని దానికి తెలియదు.

ఇంటిపేరుది వేరే పేచీ. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు. పడమటి దేశాల అలవాటుతో తయారైన ఫారాల్లో ముందుపేరు, చివరిపేరు అని రెండు గళ్లుంటాయి. ఆ గళ్లలో ఒక క్లర్కు ఒక తీరుగా, ఇంకో క్లర్కు ఇంకో తీరుగా నింపితే పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల జాబితా, అంటే నామినల్ రోల్, తయారుచేసే వేళకు తిప్పలు మొదలవుతాయి. పూర్తిపేరుకు ఒకే గడి, తెలుగు లిపిలో పేరుకు ఇంకో గడి ఉన్న సాఫ్ట్‌వేర్ మన బడులకు నప్పుతుంది. తెలుగు అక్షరాలకు 1991లో వచ్చిన యూనికోడ్ తొలి ప్రతిలోనే చోటు దక్కింది. ఆ పద్ధతిలో దాచిన పేరు ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది. పాత డీటీపీ ఫాంట్లలో దాచినది ఆ ఫాంటు లేనిచోట అర్థంలేని గుర్తులుగా మారిపోతుంది. డెమోలో "జ్యోత్స్న", "లక్ష్మి" అని టైపు చేయించి, టీసీ ప్రింటు తీయించి చూడాలి. తెర మీద సరిగా కనబడిన ఒత్తులు ప్రింటులో విడిపోవడం తరచూ జరిగేదే.

పేరు మీద ఆధారపడలేం కనుక సంఖ్యలు వచ్చాయి. దేశవ్యాప్తంగా బడుల లెక్కలు తీసుకునే యూడైస్ వ్యవస్థలో బడి కోడు 11 అంకెలు, అందులో మొదటి రెండూ రాష్ట్రానివి. తెలంగాణది 36. యూడైస్ ప్లస్ 2022-23 నుంచి బడుల మొత్తం లెక్కలతో ఆగకుండా పిల్లల వివరాలను ఒక్కొక్కరివిగా తీసుకుంటోంది. ఆ పట్టికలో ప్రతి పిల్లవాడికీ శాశ్వత విద్యా సంఖ్య ఉంటుంది, బడి వాళ్లు దాన్ని పెన్ నంబరంటారు. తల్లిదండ్రుల సమ్మతితో ఇచ్చే విద్యార్థి గుర్తింపు సంఖ్య, అపార్ ఐడీ, 12 అంకెలది. ఆధార్ కూడా 12 అంకెలదే.

ఆధార్‌లో చివరి అంకెది ఒక ప్రత్యేకమైన పని. అది ముందున్న 11 అంకెలకు కాపలా. ఇంగ్లిషులో చెక్ డిజిట్ అంటారు. సరుకుల చీటీ చివర "మొత్తం తొమ్మిది వస్తువులు" అని రాసి పంపితే, ఇంటికొచ్చాక ఎనిమిదే ఉన్నాయని తెలిసినట్టు, అంకెల్లో పొరపాటు జరిగితే ఈ కాపలా అంకె పట్టిస్తుంది. ఉత్తగా కూడితే చాలదు, ఎందుకంటే 27ను 72గా రాసినా కూడిక తొమ్మిదే. పక్కపక్క అంకెలు తారుమారు కావడం చేతిరాతలో తరచూ పడే తప్పు. డచ్ గణితవేత్త జాకబస్ వెర్హోఫ్ 1969లో చూపిన లెక్క ఒక అంకె తప్పునీ, పక్కపక్క అంకెల తారుమారునీ ఒక్కటి కూడా వదలకుండా పట్టుకుంటుంది. ఆధార్‌లో వాడేది అదే. మంచి సాఫ్ట్‌వేర్ తప్పు నంబరు కొట్టిన క్షణంలోనే ఆపుతుంది. ఆ లెక్క తెలియనిది ఏ 12 అంకెలు కొట్టినా తీసేసుకుంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆధార్ లేదన్న కారణంతో పిల్లలకు బడిలో ప్రవేశం నిరాకరించకూడదన్నది 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు సారం. అందుచేత ఆధార్ గడి నింపితే తప్ప ముందుకు కదలని సాఫ్ట్‌వేర్ పనికిరాదు. వరుసకు ఆనవాలుగా బడి ఇచ్చిన అడ్మిషన్ నంబరు ఉండాలి. మిగతావన్నీ ఆ వరుసలో గళ్లు.

జిల్లా మారింది, బడి కదల్లేదు

గుమ్మంలో నిలబడిన యువకుడి దగ్గరికి మళ్లీ వద్దాం. అతను పెద్దమందడిలో మూడో తరగతి చదివిన 2011-12లో ఆ ఊరు మహబూబ్‌నగర్ జిల్లాలో, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో ఉంది. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 వేసవికి అతను ఏడో తరగతి ముగించాడు. అదే ఏడాది అక్టోబరు 11న, దసరా నాడు, వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు పుట్టాయి. రేవల్లి, శ్రీరంగాపూర్, మదనాపూర్ లాంటివి కొత్త మండలాలయ్యాయి. అంటే వనపర్తి జిల్లా స్థానికుడిగా ఉద్యోగం అడుగుతున్న ఇతను, వనపర్తి జిల్లా అన్నది ఏర్పడకముందే ఆ చదువు పూర్తిచేశాడు.

సాఫ్ట్‌వేర్‌లో బడి వివరాల పేజీలో "జిల్లా" అని ఒక్కటే గడి ఉందనుకోండి. 2016లో ఎవరో అక్కడ మహబూబ్‌నగర్ చెరిపి వనపర్తి అని రాశారు. ఆ క్షణం నుంచి పాత ఏళ్ల ధ్రువపత్రాలన్నీ వనపర్తి అనే ప్రింటవుతాయి. అప్పటి టీసీలో మాత్రం మహబూబ్‌నగర్ అని ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసే అధికారికి అనుమానం వస్తుంది, కుర్రాడు సంజాయిషీలు రాసుకుంటూ తిరుగుతాడు.

కాగితం రిజిస్టరులో ఈ బెడద లేదు, ఎందుకంటే పాత పేజీలో రాసింది పాతగానే ఉంటుంది. కంప్యూటరులో దిద్దడం సులువు కావడం వల్ల గతం తేలిగ్గా చెరిగిపోతుంది. దీనికి విరుగుడుగా మంచి డేటాబేస్‌లు మారే వివరాలకు తేదీలు తగిలిస్తాయి. "ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా మహబూబ్‌నగర్, అక్కణ్నుంచి వనపర్తి" అన్నట్టు. పిల్లవాడి సెక్షను, మీడియం, ఇంటి చిరునామా, ఫీజు రాయితీ అన్నిటికీ ఇదే పద్ధతి కావాలి. దానితోపాటు మార్పుల చిట్టా ఉండాలి. పుట్టిన తేదీని ఎవరు, ఎప్పుడు, ఏ తేదీ నుంచి ఏ తేదీకి మార్చారో ఆ చిట్టా చెప్పాలి. పదో తరగతి మెమోలో పడే పుట్టిన తేదీ జీవితాంతం వెంట వచ్చేది. రిజిస్టరులో హెడ్‌మాస్టరు సంతకం చేసే కాపలా పనిని కంప్యూటరులో ఆ చిట్టా చేస్తుంది.

పాలమూరుగా పిలిచే పాత మహబూబ్‌నగర్ జిల్లాకు ఇంకో అవసరం కూడా ఉంది. ఇక్కడి నుంచి పుణె, ముంబై, హైదరాబాద్‌లకు పనుల కోసం వలస వెళ్లే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. పంట చేతికి రాని ఏడు, తల్లిదండ్రులతోపాటు పిల్లవాడూ మధ్యలోనే వెళ్లిపోతాడు. టీసీ అడగరు, చెప్పి వెళ్లరు. కొన్ని నెలల తర్వాత, ఒక్కోసారి రెండేళ్ల తర్వాత, మళ్లీ అదే బడి గేటు ముందు కనిపిస్తాడు. "ఉన్నాడు", "వెళ్లిపోయాడు" అన్న రెండే మాటలు తెలిసిన సాఫ్ట్‌వేర్ అతన్ని కొత్త పిల్లవాడిగా రాయమంటుంది. దాంతో ఒకే పిల్లవాడికి రెండు అడ్మిషన్ నంబర్లు, రెండు ముక్కలైన చదువు. స్థానికత లెక్కలో నాలుగేళ్లు నిండాయా లేదా అన్నది ఆ ముక్కల మీదే ఆధారపడుతుంది. వెళ్లిన తేదీ, తిరిగొచ్చిన తేదీ రెండూ పాత వరుసలోనే నమోదయ్యే వీలు ఉందా అని వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతాల బడి యజమానులు తప్పకుండా అడగాలి. హైదరాబాదులోనో బెంగుళూరులోనో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఈ సంగతి తట్టకపోవచ్చు.

లోపలికి దారి, బయటికి దారి

పాత రికార్డును కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పనిని చాలామంది క్లర్కు పనిగా తీసేస్తారు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరం దానికి పెద్ద మూల్యమే చెల్లించింది. ఆరు లక్షలకు పైగా పిల్లలున్న ఆ నగర ప్రభుత్వ బడుల్లో 2014 ఆగస్టులో కొత్త విద్యార్థి సమాచార వ్యవస్థను ఒకేసారి అన్ని చోట్లా మొదలుపెట్టారు. పేరు మిసిస్. పాత రికార్డులు తప్పులతడకగా చేరాయి. బడులు తెరిచిన వారాలు గడిచినా కొందరు పిల్లలకు ఏ క్లాసుకు వెళ్లాలో తెలియలేదు. ఇంకొందరిని అప్పటికే పాసైన పాఠాల్లోనే మళ్లీ కూర్చోబెట్టారు. జెఫర్సన్ హైస్కూల్ పిల్లల విషయంలో అక్టోబరులో కోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. ఆ నెలలోనే అక్కడి సూపరింటెండెంట్ పదవి వదిలారు.

మూడు వందల మంది పిల్లలున్న బడికి ఆ కథలో పనికొచ్చే సంగతి ఒకటుంది. అన్ని తరగతులనూ ఒక్క రోజులో మార్చకూడదు. మొదట ఒక తరగతి ఎక్కించాలి. ఒక నెల పాత రిజిస్టరూ కొత్త తెరా రెండూ నడిపి, నెలాఖరున హాజరు, ఫీజు మొత్తాలు రెండింటిలో ఒకటేనా చూడాలి. సరిపోతేనే తర్వాతి తరగతి.

బయటికి వచ్చే దారిని కొనేరోజే చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతపడొచ్చు, ధర పెంచొచ్చు, ఇంకో కంపెనీ దాన్ని కొనొచ్చు. ఆ రోజున బడి తన సమాచారం మొత్తాన్ని ఎలా తెచ్చుకుంటుంది? "ఎక్సెల్ రిపోర్టు వస్తుంది" అన్న జవాబు చాలదు. రిపోర్టులో తెర మీద కనబడే నాలుగు గళ్లే ఉంటాయి. కావలసినవి పట్టికలన్నీ, గళ్లన్నీ, వెళ్లిపోయిన పిల్లల వరుసలు, ఫొటోలు, మార్పుల చిట్టా. ఫొటోలు మామూలు చిత్రాల ఫైళ్లుగా, మిగతావి సీఎస్‌వీ అనే సాదా రూపంలో రావాలి. సీఎస్‌వీలో కామాలతో విడదీసిన అక్షరాలు తప్ప మరేమీ ఉండవు కనుక దాన్ని ఏ కంప్యూటరైనా, ఇరవై ఏళ్ల తర్వాతైనా తెరవగలదు. ధాన్యాన్ని బస్తాల్లో తీసుకెళ్లడం వేరు, మిల్లు బయట నిలబడి గుప్పెడు బియ్యం అడుక్కోవడం వేరు.

మూలకోడు అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్లు మరో దారి. దీన్ని ఓపెన్ సోర్స్ అంటారు. కర్ణాటకలో తయారైన ఫెడెనా ఇలాగే మొదలైంది. కేరళ విద్యాశాఖ దాన్ని తమకు తగ్గట్టు మార్చుకుని, సంపూర్ణ పేరుతో 15 వేలకు పైగా బడుల విద్యార్థి వివరాలను అందులో నడిపింది. మలయాళ పేర్లు, అక్కడి టీసీ నమూనా, అక్కడి పరీక్షల జాబితాలు అన్నీ అందులో చేర్చుకోగలిగారంటే కోడు చేతిలో ఉండడమే కారణం. ఒక ఊరి బడి ఒంటరిగా అంత పని చేయలేదు, సర్వరు చూసుకునే మనిషి కావాలి. పది పదిహేను బడులు కలిసి ఒక సాంకేతిక నిపుణుణ్ని పెట్టుకుంటే సాధ్యమే. ఒంటరిగా ఉన్న బడికి చందా పద్ధతి సులువు.

చందాను మొదటి ఏడాది ధరతో తూచకూడదు. పిల్లవాడికి ఏటా వంద రూపాయలనుకుంటే 300 మందికి 30 వేలు, పదేళ్లకు మూడు లక్షలు. దానికి ఎస్సెమ్మెస్ ఖర్చు, శిక్షణ ఖర్చు, రికార్డు ఎక్కించే కూలి కలపాలి. ఎస్సెమ్మెస్‌లు పంపే సంస్థ పేరునూ సందేశాల నమూనాలనూ ముందుగా నమోదు చేసుకోవాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలు చెబుతున్నాయి. ఆ నమోదు ఎవరి పేరు మీద ఉంటుందో కూడా ఒప్పందంలో రాయించుకోవాలి. ఇంకో సంగతి ముందే తెలిసి ఉంటే నిరాశ ఉండదు. ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కొన్నంత మాత్రాన యూడైస్ ప్లస్‌లో, రాష్ట్ర విద్యాశాఖ చైల్డ్ ఇన్ఫోలో వివరాలు నింపే పని పోదు. ఆ తెరల మీద అడిగే వరుసలోనే గళ్లు ప్రింటు తీసి ఇవ్వగలిగితే అది పెద్ద సాయం.

తాళంచెవి ఎవరి దగ్గర?

బడి రికార్డులో ఉన్నవి మామూలు వివరాలు కావు. కులం, ఆధార్, తల్లిదండ్రుల ఫోన్లు, ఫీజు బాకీ, నామినల్ రోల్ కోసం రాసుకున్న పుట్టుమచ్చల దాకా ఉంటాయి. కాగితం రిజిస్టరు బీరువాలో ఉన్నంతకాలం దొంగ పెద్దమందడికి వచ్చి తాళం పగలగొట్టాలి. ఇంటర్నెట్‌లో ఉన్న రికార్డుకు ఆ దూరం అడ్డు కాదు.

2024 డిసెంబరులో ఉత్తర అమెరికా బడులు ఎక్కువగా వాడే పవర్‌స్కూల్ సంస్థలో ఇదే జరిగింది. దొంగలు గోడలు బద్దలు కొట్టలేదు. సంస్థ సిబ్బంది బడులకు సాయం చేయడానికి వాడే పోర్టల్‌లోకి ఒక దొంగిలించిన పాస్‌వర్డుతో వచ్చారు. ఆ ద్వారానికి ఫోన్‌కు వచ్చే ఓటీపీ లాంటి రెండో తాళం లేదు. ఆరు కోట్ల మంది విద్యార్థుల వివరాలు పోయాయని అమెరికా ప్రాసిక్యూటర్లు తేల్చారు. సంస్థ డబ్బు చెల్లించింది. అయినా 2025 మేలో అదే సమాచారం చూపి కొన్ని బడులను మళ్లీ బెదిరించారు. కెనడాలోని టొరంటో బడుల్లో 1985 నుంచి చదివిన వాళ్ల వివరాలు కూడా అందులో ఉన్నాయి. బడి విడిచి ముప్ఫై ఏళ్లు దాటిన మనుషులు కూడా వాళ్లలో ఉన్నారు.

పాత రికార్డు ఉండి తీరాలి. కానీ దానిలోని ప్రతి గడీ ఎల్లకాలం ఇంటర్నెట్‌కు అందేలా ఉండనక్కర్లేదు. చదివిన తరగతులు, తేదీలు, పుట్టిన తేదీ చాలాకాలం కావాలి. తండ్రి ఫోన్, బస్సు ఎక్కే చోటు, ఆరోగ్య వివరాలు పిల్లవాడు వెళ్లాక ఎందుకు? వాటిని తీసేసే వీలున్న సాఫ్ట్‌వేర్ కావాలి. అలాగే పనిని బట్టి అనుమతి ఉండాలి. డ్రైవరుకు పేరు, స్టాపు, ఫోన్ చాలు. క్లాస్ టీచరుకు తన తరగతి చాలు. పుట్టిన తేదీ దిద్దే అధికారం ఒక్కరికే. ఆఫీసులో అందరూ ఒకే పాస్‌వర్డు పంచుకుంటే మార్పుల చిట్టాకు అర్థమే ఉండదు.

చట్టం కూడా ఇటే నడుస్తోంది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల నుంచి రుజువు చేయదగిన సమ్మతి కావాలి. పిల్లలపై గురిపెట్టిన ప్రకటనలు కూడదు. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలకు అప్పటి నుంచి ఏడాదిన్నర గడువిచ్చారు. చదువుకూ భద్రతకూ అవసరమైన మేరకు విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులున్నాయి. భద్రతా ఏర్పాట్లలో వైఫల్యానికి జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయలు. పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల ముందు జవాబుదారీ బడి కనుక, సమాచారం దొంగతనానికి గురైతే కంపెనీ ఎన్ని గంటల్లో బడికి చెబుతుందో ఒప్పందంలో ఉండాలి.

దొంగల భయం ఒకటైతే, కరెంటు భయం ఇంకొకటి. పిడుగు పడి కంప్యూటరు కాలిపోవచ్చు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన మూడు-రెండు-ఒకటి పద్ధతి చిన్న బడికి సరిగ్గా సరిపోతుంది. మూడు ప్రతులు, రెండు వేర్వేరు సాధనాల మీద, ఒకటి వేరే చోట. విత్తనాలను ఒకే గాదెలో పెట్టని రైతుకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. కంపెనీ సర్వరులో ఒకటి, ఆఫీసు హార్డ్‌డిస్కులో ఒకటి, పాస్‌వర్డు పెట్టి కరస్పాండెంట్ ఇంట్లో దాచిన పెన్‌డ్రైవ్‌లో ఒకటి. మూడు నెలలకోసారి ఆ పెన్‌డ్రైవ్ తెరిచి, అందులో నిన్నటి పేర్లు చదవగలుగుతున్నామా అని చూడాలి.

డెమో రోజున

ఇంతవరకు చెప్పుకున్నదంతా ఒక ఏ4 కాగితం మీద పడుతుంది. ప్రతినిధి వచ్చేముందు బడి వాళ్లు కూర్చుని పదకొండు మంది కల్పిత పిల్లల వివరాలు రాసుకోవాలి. అందరూ చిక్కు పిల్లలే. ఇంగ్లిషులో రెండు రకాలుగా పేరున్న లక్ష్మి. ఆధార్ లేని ఒకటో తరగతి పాప. అంకెలు తారుమారైన ఆధార్ ఉన్న బాబు. ఒకే తండ్రి ఫోన్ ఉన్న అక్కాతమ్ముళ్లు. దసరాకు పుణె వెళ్లి, మరుసటి జూన్‌లో తిరిగొచ్చిన నాలుగో తరగతి పిల్లవాడు. 2016కు ముందు చదివి వెళ్లిపోయిన విద్యార్థి. పుట్టిన తేదీ దిద్దవలసిన అమ్మాయి. ఏడాది మధ్యలో తెలుగు మీడియం నుంచి ఇంగ్లిషు మీడియంకు మారినవాడు. ఫీజు సగం కట్టి టీసీ అడిగినవాడు. ఇంటిపేరు ఆధార్‌లో చివర, పుట్టిన ధ్రువపత్రంలో ముందు ఉన్న పిల్ల.

కంపెనీ తెచ్చిన నమూనా పిల్లలను పక్కన పెట్టి, ఈ పదకొండు మందిని బడి క్లర్కు చేతే ఎక్కించమనాలి. ప్రతినిధి చేయి వేయకూడదు. రేపు ఆ తెర ముందు కూర్చునేది క్లర్కే కదా. నడుమ ఐదు నిమిషాలు ఇంటర్నెట్ ఆపి, అప్పటిదాకా రాసింది పోయిందా ఉందా చూడాలి. చివర్న పదకొండు మందికీ టీసీ, బోనఫైడ్ తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ప్రింటు తీయించాలి. మొత్తం సమాచారాన్ని సీఎస్‌వీగా దింపి, సాఫ్ట్‌వేర్ మూసేసి, ఆ ఫైలును విడిగా తెరిచి చదవాలి. ఇద్దరు ముగ్గురు కంపెనీల వాళ్లకు ఇదే కాగితం పెడితే తేడా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఎంపిక జరిగాక అసలు పని వేసవి సెలవుల్లో మొదలవుతుంది. ఆఫీసు గదిలో ఫ్యాను కింద ఇద్దరు టీచర్లు కూర్చుంటారు. ఒకరు అట్ట ఊడిన పాత రిజిస్టరు పట్టుకుని పైకి చదువుతుంటే, ఇంకొకరు టైపు చేసి తిరిగి చదివి వినిపిస్తారు. చుట్టుపక్కల ఊళ్లయిన వెల్టూరు, మణిగిల్లల నుంచి వచ్చి చదివిన పిల్లలు, ఊరి పిల్లలు ఒక్కొక్కరే వరుసలోకి వస్తారు. ప్రతి పేజీకీ ఒక స్కాను తీసి ఆ వరుసల పక్కన పెడతారు. కాగితం రిజిస్టరు ఎప్పటిలాగే బీరువాలోకి వెళ్లిపోతుంది. 2011 పేజీ దగ్గర చదువుతున్న టీచరు ఆగి, మొన్న బోనఫైడ్ కోసం వచ్చిన యువకుడి పేరు వేలితో చూపిస్తుంది. చేరిన తేదీ, తరగతి, అప్పటి జిల్లా మూడూ మూడు గళ్లలో పడతాయి.